చిన్న ఆజ్ఞ, పెద్ద పని: మైక్రోకంట్రోలర్‌కు ట్రాన్సిస్టర్ స్విచ్



మైక్రోకంట్రోలర్‌తో ప్రయోగాలు మొదలుపెట్టిన వారంతా మొదట చేసే పని ఒక ఎల్‌ఈడీని వెలిగించి ఆర్పడం. అది సఫలం కాగానే మనసు పెద్ద పనుల మీదికి పోతుంది. మొక్కలకు నీళ్లు పోసే పంపు, గదిలో ఫ్యాను, తలుపు గడియ తీసే కాయిల్ ఇలాంటివి నడపాలనిపిస్తుంది. ఎల్‌ఈడీ తీసేసి ఆ పిన్‌కే మోటారు తీగలు కలుపుతారు. మోటారు తిరగదు. బోర్డు పదే పదే మొదటికి వచ్చి ఆగిపోతుంది. ఒక్కోసారి ఆ పిన్ మళ్లీ ఎప్పటికీ పనిచేయదు.

అటల్ ఇన్నోవేషన్ మిషన్ 2016లో ప్రారంభమైన తరువాత దేశంలో వేల పాఠశాలల్లో టింకరింగ్ ల్యాబ్‌లు ఏర్పడ్డాయి. కాబట్టి ఒకప్పుడు ఇంజనీరింగు కళాశాలలో ఎదురయ్యే ఈ సమస్య ఇప్పుడు ఎనిమిదో తరగతిలోనే ఎదురవుతోంది. దీనికి పరిష్కారం కొద్ది రూపాయలకు దొరికే ఒక ట్రాన్సిస్టర్. దానిని కలపడం తేలికే. అయితే అది స్విచ్‌లాగా పూర్తిగా పనిచేయాలంటే ఒక చిన్న లెక్క చేయాలి. ఆ లెక్క, దాని వెనుక ఉన్న కారణం ఈ పాఠంలో నేర్చుకుందాం.

1. పిన్ ఇచ్చేది సంకేతం, శక్తి కాదు

ఆర్డ్యునో యూనో బోర్డు మీద ఉండే ఏటీమెగా 328పీ చిప్‌ను ఉదాహరణగా తీసుకుందాం. దీని ఒక్కో పిన్ నుంచి 40 మిల్లీ ఆంపియర్లకు మించి కరెంటు తీయరాదని తయారీదారు పత్రం చెబుతుంది. అది చిప్ దెబ్బతినకుండా ఉండే చివరి హద్దు. రోజువారీ వాడకానికి 20 మిల్లీ ఆంపియర్లలోపు ఉంచుకోవడం మంచిది. చిప్ మొత్తం మీద 200 మిల్లీ ఆంపియర్ల హద్దు ఇంకొకటి ఉంది.

కొత్త బోర్డులలో ఈ హద్దు పెరగలేదు, తగ్గింది. 2023లో వచ్చిన యూనో ఆర్4 బోర్డులో ఒక్కో పిన్‌కు 8 మిల్లీ ఆంపియర్లే అనుమతి. పాత బోర్డు మీద ఎలాగోలా నడిచిన సర్క్యూట్ కొత్త బోర్డు మీద చిప్‌ను పాడుచేయవచ్చు.

ఇప్పుడు అవతలి వైపు చూడండి. బజారులో దొరికే 5 వోల్టుల చిన్న రిలే కాయిల్ నిరోధం సుమారు 70 ఓమ్‌లు. ఓమ్ నియమం ప్రకారం 5 ÷ 70 = 0.071 ఆంపియర్, అంటే 71 మిల్లీ ఆంపియర్లు. 12 వోల్టుల చిన్న పంపు ఒక ఆంపియర్ వరకు తీసుకోవచ్చు. పిన్ హద్దు 20, రిలే అవసరం 71, పంపు అవసరం 1000. ఈ మూడు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే మధ్యవర్తి ఎందుకు కావాలో అర్థమవుతుంది.

2. చెరువు తూమును తలచుకోండి

చెరువు తూము మీద ఉన్న మర తిప్పడానికి ఒక మనిషి బలం చాలు. తూము లేవగానే వందల ఎకరాలకు నీరు పారుతుంది. ఆ నీటిని మనిషి తోయడం లేదు, చెరువులో నిలిచిన నీటి ఎత్తే తోస్తుంది. మనిషి చేసినది దారి ఇవ్వడమే.

ట్రాన్సిస్టర్ చేసేదీ ఇదే. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో జాన్ బార్డీన్, వాల్టర్ బ్రాటెయిన్ మొదటి ట్రాన్సిస్టర్‌ను పనిచేయించారు. ఇప్పుడు మనం వాడే జంక్షన్ ట్రాన్సిస్టర్‌ను ఆ తరువాత విలియం షాక్లీ రూపొందించారు. ముగ్గురికీ కలిపి 1956లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. మన ఊళ్లలో చాలాకాలం ట్రాన్సిస్టర్ అంటే రేడియో సెట్టే. ఆ రేడియోలో అది బలహీనమైన సంకేతాన్ని పెద్దది చేసేది. మన ప్రయోగంలో దానికి వేరే ఉద్యోగం ఇస్తున్నాం, స్విచ్ ఉద్యోగం.

ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టర్‌కు మూడు కాళ్లు: బేస్, కలెక్టర్, ఎమిటర్.  బేస్ నుంచి ఎమిటర్‌కు కొద్ది కరెంటు పంపితే ఎమిటర్‌లోని ఎలక్ట్రాన్లు పలుచని బేస్ పొరలోకి వస్తాయి. ఆ పొర చాలా పలుచన కాబట్టి వాటిలో ఎక్కువ భాగం దాన్ని దాటి కలెక్టర్‌కు చేరుకుంటాయి. బేస్‌లోనే ఆగిపోయే కొద్దిపాటి ఎలక్ట్రాన్ల లోటు తీర్చడానికే బేస్ కరెంటు కావాలి. అందుకే చిన్న బేస్ కరెంటు పెద్ద కలెక్టర్ కరెంటుకు దారి ఇస్తుంది. మోటారును తిప్పే శక్తి మాత్రం బ్యాటరీ నుంచే వస్తుంది, పిన్ నుంచి కాదు.

3. సర్క్యూట్ కలిపే విధానం

రిలేను బీసీ 547 ట్రాన్సిస్టర్‌తో నడిపే సర్క్యూట్ ఇలా ఉంటుంది. కాగితం మీద గీసుకుంటూ చదవండి.

• రిలే కాయిల్ ఒక కొసను 5 వోల్టుల ధన తీగకు కలపండి. రెండో కొసను ట్రాన్సిస్టర్ కలెక్టర్‌కు కలపండి.
• ఎమిటర్‌ను గ్రౌండ్‌కు కలపండి.
• మైక్రోకంట్రోలర్ పిన్ నుంచి 1000 ఓమ్‌ల రెసిస్టర్ ద్వారా బేస్‌కు తీగ ఇవ్వండి.
• బేస్‌కూ గ్రౌండ్‌కూ మధ్య 10,000 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి పెట్టండి.
• కాయిల్‌కు అడ్డంగా ఒక డయోడ్ పెట్టండి. దాని మీది తెల్ల గీత ధన తీగ వైపు ఉండాలి.

బీసీ 547 చదునైన ముఖాన్ని మీ వైపు తిప్పి, కాళ్లు కిందికి ఉండేలా పట్టుకుంటే ఎడమ నుంచి కుడికి కలెక్టర్, బేస్, ఎమిటర్ వస్తాయి. అన్ని ట్రాన్సిస్టర్లకూ ఇదే వరుస ఉండదు. 2ఎన్ 2222 రకం ప్లాస్టిక్ ట్రాన్సిస్టర్లలో పేరు ముందు అక్షరాలను బట్టి, తయారీదారును బట్టి కాళ్ల వరుస మారుతుంది. కొన్నప్పుడే ఆ నంబరు పత్రం చూసుకోండి.

రిలేకు గానీ పంపుకు గానీ వేరే బ్యాటరీ వాడితే, దాని రుణ తీగనూ మైక్రోకంట్రోలర్ గ్రౌండ్‌నూ తప్పనిసరిగా కలపాలి. పిన్ నుంచి బయలుదేరిన బేస్ కరెంటు ఎమిటర్ గుండా తిరిగి మైక్రోకంట్రోలర్‌కు చేరాలి కదా. తిరుగుదారి లేకపోతే కరెంటే లేదు. ధన తీగలను మాత్రం కలపకూడదు.

బేస్‌కు రెసిస్టర్ లేకుండా నేరుగా పిన్ కలపవచ్చా? కూడదు. బేస్, ఎమిటర్ మధ్య ఉన్నది ఒక డయోడ్ లాంటిది. దాని మీద 0.7 నుంచి 0.8 వోల్టు మాత్రమే నిలుస్తుంది. 5 వోల్టులు నేరుగా ఇస్తే కరెంటుకు అడ్డు ఉండదు. పిన్, ట్రాన్సిస్టర్ రెండూ ప్రమాదంలో పడతాయి.

4. బేస్ రెసిస్టర్ లెక్క

ఈ పాఠంలో ముఖ్యమైన భాగం ఇదే. బీసీ 547 గెయిన్ 200 ఉందనుకుందాం. రిలేకు 71 మిల్లీ ఆంపియర్లు కావాలి కాబట్టి 71 ÷ 200 = 0.36 మిల్లీ ఆంపియర్ బేస్ కరెంటు చాలునని చాలామంది లెక్కిస్తారు. దాని ప్రకారం 10,000 ఓమ్‌ల రెసిస్టర్ పెడతారు. ఒకరి సర్క్యూట్ పనిచేస్తుంది. అదే భాగాలతో పక్కవారు చేసినది పనిచేయదు. ఎందుకు?

మొదటి కారణం: బీసీ 547 అన్న ఒకే పేరు మీద గెయిన్ 110 నుంచి 800 వరకు ఉండవచ్చు. పేరు చివర ఏ ఉంటే 110 నుంచి 220, బీ ఉంటే 200 నుంచి 450, సీ ఉంటే 420 నుంచి 800. మీకు దొరికినది ఏదో చూడాలి.

రెండో కారణం ఇంకా లోతైనది. పత్రంలో ఇచ్చిన ఆ గెయిన్‌ను కలెక్టర్, ఎమిటర్ మధ్య 5 వోల్టులు ఉంచి, 2 మిల్లీ ఆంపియర్ల కరెంటు వద్ద కొలుస్తారు. అంటే అది ట్రాన్సిస్టర్ సంకేతాన్ని పెంచే పనిలో ఉన్నప్పటి అంకె. మనకు కావలసినది అది కాదు. మన ట్రాన్సిస్టర్ మీద దాదాపు వోల్టేజి మిగలకూడదు, 5 వోల్టులూ రిలేకే అందాలి. ఈ స్థితిని సంతృప్త స్థితి అంటారు. ఆ స్థితికి చేరాలంటే లెక్క ప్రకారం చాలే దానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ బేస్ కరెంటు ఇవ్వాలి.

ఎన్ని రెట్లు? పత్రమే చెబుతుంది. బీసీ 547కు 100 మిల్లీ ఆంపియర్ల కలెక్టర్ కరెంటుకు 5 మిల్లీ ఆంపియర్ల బేస్ కరెంటు ఇస్తే, దాని మీద మిగిలే వోల్టేజి సాధారణంగా 0.2 వోల్టు, అత్యధికంగా 0.6 వోల్టు అని ఉంటుంది. 100 ÷ 5 = 20. కాబట్టి గెయిన్ ఎంత రాసి ఉన్నా, స్విచ్‌గా వాడేటప్పుడు లోడు కరెంటును 20తో, ఇంకా నిశ్చింతగా ఉండాలంటే 10తో భాగించండి.

మన రిలేకు: 71 ÷ 20 = 3.55 మిల్లీ ఆంపియర్లు కావాలి.
పిన్ వోల్టేజి 5, బేస్ మీద పోయేది 0.8. మిగిలినది 4.2 వోల్టులు.
1000 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే 4.2 ÷ 1000 = 4.2 మిల్లీ ఆంపియర్లు. సరిపోతుంది.

680 ఓమ్‌లు పెడితే 6.2 మిల్లీ ఆంపియర్లు వస్తుంది. అది యూనో ఆర్4 పిన్ హద్దు అయిన 8 లోపే ఉంటుంది. కాబట్టి 680 నుంచి 1000 ఓమ్‌ల మధ్య ఏది పెట్టినా ఈ రిలేకు ఇబ్బంది లేదు.

మరి 10,000 ఓమ్‌లు పెట్టినవారి సంగతి? బేస్ కరెంటు 0.42 మిల్లీ ఆంపియర్. గెయిన్ 100కు దగ్గరగా ఉన్న ట్రాన్సిస్టర్ అయితే కాయిల్ గుండా 42 మిల్లీ ఆంపియర్లే వెళతాయి. అంటే కాయిల్ మీద 42 × 70 = 2940 మిల్లీ వోల్టులు, సుమారు 2.9 వోల్టులు. 5 వోల్టుల రిలే తప్పక లాగుతుందని హామీ ఇచ్చేది దానిలో 75 శాతం, అంటే 3.75 వోల్టుల వద్ద. 2.9 వోల్టుల వద్ద రిలే లాగవచ్చు, లాగకపోవచ్చు. "నిన్న పనిచేసింది, ఈరోజు పనిచేయడం లేదు" అనే ఫిర్యాదుకు మూలం తరచుగా ఇక్కడే ఉంటుంది.

5. సగం లేచిన తూము

తూము పూర్తిగా దించితే నీరు లేదు, ఒరిపిడీ లేదు. పూర్తిగా ఎత్తితే నీరు సాఫీగా పోతుంది. సగం ఎత్తినప్పుడే నీరు తలుపును ఒరుసుకుంటూ, అదురు పుట్టిస్తూ దూకుతుంది. తలుపు పాడయ్యేది అప్పుడే.

ట్రాన్సిస్టర్‌లో ఆ ఒరిపిడి వేడిగా మారుతుంది. వేడి = దాని మీద నిలిచిన వోల్టేజి × దాని గుండా పోయే కరెంటు. ఆఫ్‌లో ఉన్నప్పుడు వోల్టేజి ఉంది, కరెంటు లేదు. కాబట్టి లబ్ధం సున్నా. పూర్తిగా ఆన్ అయినప్పుడు 0.2 × 71, అంటే సుమారు 14 మిల్లీ వాట్లు. పైన చెప్పిన సగం స్థితిలో 2.1 × 42, అంటే సుమారు 88 మిల్లీ వాట్లు. రిలేకు అందిన కరెంటు తగ్గింది, ట్రాన్సిస్టర్ వేడి మాత్రం ఆరు రెట్లు పెరిగింది!

రిలే చిన్నది కనుక 88 మిల్లీ వాట్లతో ప్రమాదం లేదు. 12 వోల్టులు, ఒక ఆంపియర్ తీసుకునే లోడును తీసుకోండి. సరిగ్గా సగం స్థితిలో ట్రాన్సిస్టర్ మీద 6 వోల్టులు, అర ఆంపియర్, అంటే 3 వాట్లు. బఠాణీ గింజంత ప్లాస్టిక్ ట్రాన్సిస్టర్ భరించగలిగేది దాదాపు అర వాటు. కొద్ది సేపట్లోనే అది మాడిపోతుంది.

కాబట్టి ఈ సూత్రం గుర్తుంచుకోండి. స్విచ్‌గా వాడే ట్రాన్సిస్టర్‌కు పూర్తి ఆన్, పూర్తి ఆఫ్ రెండే స్థితులు ఉండాలి. మధ్యలో నిలవనీయకూడదు.

దీనిని పరీక్షించడం చాలా తేలిక. సర్క్యూట్ ఆన్‌లో ఉండగా మల్టీమీటర్‌ను కలెక్టర్, ఎమిటర్ మధ్య పెట్టండి. 0.3 వోల్టు లోపు చూపిస్తే ట్రాన్సిస్టర్ సంతృప్త స్థితిలో ఉన్నట్లే. ఒక వోల్టు దాటి చూపిస్తే సగం తూము అన్నమాట. బేస్ రెసిస్టర్ విలువ తగ్గించాలి, లేదా ఇంకా పెద్ద ట్రాన్సిస్టర్ వాడాలి.

6. కాయిల్ ఎదురుదెబ్బ

వేగంగా పారుతున్న పైపులో వాల్వును ఒక్కసారిగా మూస్తే పైపు "టక్" మని అదురుతుంది. కదిలే నీరు ఒక్క క్షణంలో ఆగడానికి ఒప్పుకోదు. కాయిల్‌లో కరెంటు స్వభావమూ ఇదే. రిలే, మోటారు, సోలినాయిడ్ అన్నీ కాయిల్‌తో చేసినవే. కరెంటు పారుతున్నంతసేపూ వాటి అయస్కాంత క్షేత్రంలో శక్తి నిలవ ఉంటుంది. ట్రాన్సిస్టర్ ఒక్కసారిగా ఆఫ్ కాగానే ఆ క్షేత్రం కూలిపోతూ కరెంటును ముందుకే తోస్తుంది. దారి లేదు కనుక కలెక్టర్ దగ్గర వోల్టేజి ఎగసిపడుతుంది. 5 వోల్టుల రిలే నుంచి కూడా వంద వోల్టులు దాటే తాకిడి రావచ్చు. బీసీ 547 తట్టుకునేది 45 వోల్టులే.

కాయిల్‌కు అడ్డంగా పెట్టిన డయోడ్ ఆ కరెంటుకు సురక్షితమైన దారి ఇస్తుంది. మామూలు సమయంలో అది తిరగేసి ఉన్నందున కరెంటు దానిలో పోదు. ట్రాన్సిస్టర్ ఆఫ్ అయిన క్షణంలో మాత్రం కాయిల్ కరెంటు డయోడ్ గుండా చుట్టూ తిరిగి నెమ్మదిగా తగ్గిపోతుంది. 1ఎన్ 4007 డయోడ్ ఈ పనికి చక్కగా సరిపోతుంది. దీనివల్ల రిలే వదలడం కొన్ని మిల్లీ సెకన్లు ఆలస్యమవుతుంది. మన ప్రయోగాలకు అది లెక్కలోనిది కాదు.

డయోడ్ తిరగేసి పెడితే అది ధన తీగను ట్రాన్సిస్టర్ ద్వారా నేరుగా గ్రౌండ్‌కు కలిపేస్తుంది. ఆన్ చేసిన వెంటనే డయోడ్ గానీ ట్రాన్సిస్టర్ గానీ మాడుతుంది. డయోడ్ మరిచిపోయినా సర్క్యూట్ మొదట్లో పనిచేస్తుంది. అందుకే చాలామంది అది అవసరం లేదనుకుంటారు. ప్రతి ఆఫ్‌కు ఒక దెబ్బ చొప్పున తిని ట్రాన్సిస్టర్ తరువాత ఎప్పుడో పోతుంది. ఆ మధ్యకాలంలో మైక్రోకంట్రోలర్ కారణం లేకుండా రీసెట్ అవుతుంటే మొదట డయోడ్‌నే వెతకండి.

7. లోడు పెద్దదైతే

బీసీ 547 హద్దు 100 మిల్లీ ఆంపియర్లు. అంతకు మించి కొన్ని వందల మిల్లీ ఆంపియర్ల వరకు బీసీ 337, 2ఎన్ 2222 వంటివి పనికొస్తాయి. ఒక ఆంపియర్, ఆపైన రెండు దారులు ఉన్నాయి.

మొదటిది డార్లింగ్టన్ ట్రాన్సిస్టర్. టిఐపి 122 ఇలాంటిది. లోపల రెండు ట్రాన్సిస్టర్లు ఒకదాని వెనుక ఒకటి ఉంటాయి. మొదటిది రెండోదానికి బేస్ కరెంటు ఇస్తుంది. కాబట్టి పిన్ నుంచి కొద్ది మిల్లీ ఆంపియర్లతోనే ఒక ఆంపియర్‌ను నడపవచ్చు. అయితే పూర్తిగా ఆన్ అయినా దాని మీద ఒక వోల్టుకు దగ్గరగా మిగిలిపోతుంది. ఒక ఆంపియర్‌కు దాదాపు ఒక వాటు వేడి. ముట్టుకుంటే బాగా వేడిగా తెలుస్తుంది. హీట్ సింక్ పెట్టడం మంచిది.

రెండోది మాస్‌ఫెట్. దీని కాళ్లు గేట్, డ్రెయిన్, సోర్స్. ఇది కరెంటుతో కాక, గేట్ మీది వోల్టేజితో పనిచేస్తుంది. ఐఆర్‌ఎల్‌జడ్ 44ఎన్ మాస్‌ఫెట్ గేట్‌కు 5 వోల్టులు ఇస్తే దాని నిరోధం అత్యధికంగా 0.025 ఓమ్. ఒక ఆంపియర్ పారితే 0.025 వోల్టు మాత్రమే మిగులుతుంది, వేడి 25 మిల్లీ వాట్లు. డార్లింగ్టన్‌తో పోలిస్తే నలభయ్యో వంతు.

ఇక్కడ ఒక అక్షరం తేడాతో పొరపాటు జరుగుతుంది. ఐఆర్‌ఎఫ్‌జడ్ 44ఎన్ అని ఇంకొకటి ఉంది. దాని పత్రంలో గేట్ ఆరంభ వోల్టేజి 2 నుంచి 4 వోల్టులు అని ఉంటుంది. "నా పిన్ 5 వోల్టులు ఇస్తుంది కదా, చాలు" అనుకుంటాం. ఆరంభ వోల్టేజి అంటే మాస్‌ఫెట్ పూర్తిగా ఆన్ అయ్యే వోల్టేజి కాదు. దాని గుండా 0.25 మిల్లీ ఆంపియర్ పారడం మొదలయ్యే వోల్టేజి. తూము చుక్కనీరు వదలడం మొదలుపెట్టిన స్థితి అది. ఆ మాస్‌ఫెట్ పూర్తిగా ఆన్ కావడానికి తయారీదారు చెప్పినది 10 వోల్టులు. కాబట్టి ఆరంభ వోల్టేజి చూసి కొనవద్దు. ఆన్ నిరోధం ఏ గేట్ వోల్టేజి వద్ద ఇచ్చారో అది చూడండి.

3.3 వోల్టులతో నడిచే ఈఎస్‌పీ 32, రాస్ప్‌బెర్రీ పై పికో వంటి బోర్డులకు ఐఆర్‌ఎల్‌జడ్ 44ఎన్ కూడా నమ్మదగినది కాదు. దాని ఆన్ నిరోధానికి హామీ 4 వోల్టుల నుంచే మొదలవుతుంది. వాటికి 2.5 వోల్టుల వద్ద హామీ ఇచ్చే ఏఓ 3400 వంటి మాస్‌ఫెట్ వాడాలి. లేదా 0.7 వోల్టుకే మేల్కొనే మామూలు ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టర్ వాడాలి.

మాస్‌ఫెట్ గేట్‌కూ గ్రౌండ్‌కూ మధ్య 10,000 ఓమ్‌ల రెసిస్టర్ తప్పనిసరి. మైక్రోకంట్రోలర్ ఆన్ అయిన తొలి క్షణాల్లో పిన్‌లు ఎటూ కాకుండా తేలుతూ ఉంటాయి. గేట్ మీద ఏ కొద్ది ఆవేశం మిగిలినా పంపు తనంతట తానే తిరగడం మొదలుపెడుతుంది.

మోటారు విషయంలో ఇంకొక మాట. తిరగడం మొదలుపెట్టే క్షణంలో అది మామూలు కరెంటుకు కొన్ని రెట్లు తీసుకుంటుంది. ఒక ఆంపియర్ పంపుకు ఒక ఆంపియర్ ట్రాన్సిస్టర్ చాలదు. కనీసం నాలుగైదు ఆంపియర్లు తట్టుకునేది తీసుకోండి.

8. బ్యాటరీని కాపాడే స్విచ్

ఇప్పటివరకు లోడుకూ గ్రౌండ్‌కూ మధ్య స్విచ్ పెట్టాం. మోటారుకు, రిలేకు అది చాలు. ఒక సెన్సర్‌కు కరెంటు ఆపాలంటే మాత్రం ఈ పద్ధతి సరిపోదు.

ముందు అవసరం ఎంత ఉందో చూడండి. పొలంలో నేల తేమను కొలిచే సెన్సర్ 20 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుందనుకుందాం. 2000 మిల్లీ ఆంపియర్ గంటల బ్యాటరీ 100 గంటలకు, అంటే నాలుగు రోజులకే ఖాళీ. పది నిమిషాలకు ఒకసారి రెండు సెకన్లు మాత్రమే దానికి కరెంటు ఇస్తే వాడకం 300 వంతుల్లో ఒక వంతుకు తగ్గుతుంది. అప్పుడు బ్యాటరీ ఎన్నాళ్లు వస్తుందన్నది సెన్సర్ మీద కాక, మైక్రోకంట్రోలర్ నిద్రావస్థలో ఎంత వాడుతుందన్న దాని మీద ఆధారపడుతుంది. మట్టిలో గుచ్చే లోహపు కడ్డీల సెన్సర్లకు ఇంకొక లాభం కూడా ఉంది. ఎడతెగని కరెంటు వల్ల జరిగే విద్యుద్విశ్లేషణ తగ్గి కడ్డీలు త్వరగా తినిపోకుండా ఉంటాయి.

ఇటువంటి సెన్సర్ గ్రౌండ్ తీగను తెంచితే, దాని సంకేత తీగ మాత్రం మైక్రోకంట్రోలర్‌కు కలిసే ఉంటుంది. కరెంటు ఆ తీగ గుండా అడ్డదారిన పోతుంది. సెన్సర్ సగం ప్రాణంతో ఉంటుంది, కొలతలు తప్పు వస్తాయి. కాబట్టి ధన తీగ వైపే తెంచాలి. దీనికి పీఎన్‌పీ ట్రాన్సిస్టర్ కావాలి. బీసీ 557 ఎమిటర్‌ను 5 వోల్టులకు, కలెక్టర్‌ను సెన్సర్ ధన తీగకు కలపండి. బేస్‌ను 2200 ఓమ్‌ల రెసిస్టర్ ద్వారా పిన్‌కు కలపండి. ఇక్కడ ఆజ్ఞ తలకిందులు: పిన్ సున్నా వోల్టులకు దిగితే ఆన్, 5 వోల్టులకు లేస్తే ఆఫ్. ఆఫ్ చేసే ముందు సెన్సర్ సంకేత పిన్‌ను కూడా సున్నాకు దించడం మరవకండి.

ఈ పద్ధతి లోడు వోల్టేజి, మైక్రోకంట్రోలర్ వోల్టేజి సమానంగా ఉన్నప్పుడే పనికొస్తుంది. 12 వోల్టుల లోడుకు ఇలాగే కలిపితే పిన్ 5 వోల్టులకు లేచినా ఎమిటర్‌కూ పిన్‌కూ మధ్య ఇంకా 7 వోల్టుల తేడా ఉంటుంది. ట్రాన్సిస్టర్ ఎన్నటికీ ఆఫ్ కాదు. పైగా 12 వోల్టుల కరెంటు ఎదురు తిరిగి పిన్‌లోకి వస్తుంది. 3.3 వోల్టుల బోర్డుతో 5 వోల్టుల లోడు నడిపినా ఇదే చిక్కు. అప్పుడు పీఎన్‌పీ ముందు ఒక ఎన్‌పీఎన్ పెట్టండి. పిన్ ఎన్‌పీఎన్‌ను నడుపుతుంది. ఎన్‌పీఎన్ ఒక రెసిస్టర్ ద్వారా పీఎన్‌పీ బేస్‌ను కిందికి లాగుతుంది. పీఎన్‌పీ బేస్‌కూ ఎమిటర్‌కూ మధ్య 10,000 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే అది శుభ్రంగా ఆఫ్ అవుతుంది.

9. ఇంటి కరెంటు జోలికి వెళ్లేముందు

ట్రాన్సిస్టర్‌లో బ్యాటరీ వైపూ మైక్రోకంట్రోలర్ వైపూ ఒకే గ్రౌండ్ మీద ఉంటాయని చూశాం. కాబట్టి 230 వోల్టుల ఇంటి కరెంటును ట్రాన్సిస్టర్‌తో నేరుగా తాకరాదు. అక్కడ రిలే అవసరం. రిలేలో కాయిల్‌కూ కాంటాక్టులకూ మధ్య విద్యుత్ సంబంధం లేదు, అయస్కాంత సంబంధమే.

రైతు బోరు మోటారు సంగతి చూడండి. 5 హార్స్ పవర్ త్రీ ఫేజ్ మోటారు ఒక్కో ఫేజ్‌లో సుమారు 7 నుంచి 8 ఆంపియర్లు తీసుకుంటుంది. దానిని మన చిన్న రిలేతో నేరుగా నడపరు. స్టార్టర్ డబ్బాలోని కాంటాక్టర్ కాయిల్‌ను మాత్రమే రిలే నడుపుతుంది. పిన్ నుంచి 4 మిల్లీ ఆంపియర్లు, ట్రాన్సిస్టర్ ద్వారా 71 మిల్లీ ఆంపియర్లు, రిలే ద్వారా కాంటాక్టర్ కాయిల్, కాంటాక్టర్ ద్వారా మోటారు. ఒక్కో మెట్టు తన పైమెట్టుకు దారి మాత్రమే ఇస్తుంది. ఈ చివరి రెండు మెట్లను విద్యార్థులు స్వయంగా కలపరాదు. అర్హత గల ఎలక్ట్రీషియన్‌తోనే చేయించాలి. మీ ప్రయోగాలన్నీ 12 వోల్టులలోపే ఉంచండి. నేర్చుకోవలసినదంతా అక్కడే ఉంది.

సారాంశం

• ముందు లోడు కరెంటు తెలుసుకోండి. తెలియకపోతే కొలవండి.
• ఎన్‌పీఎన్ అయితే ఆ కరెంటును 10 నుంచి 20తో భాగించి బేస్ కరెంటు నిర్ణయించండి. గెయిన్ అంకెను నమ్ముకోవద్దు.
• మాస్‌ఫెట్ అయితే మీ పిన్ వోల్టేజి వద్ద ఆన్ నిరోధానికి హామీ ఉందో లేదో చూడండి.
• కాయిల్ ఉన్నచోట డయోడ్ ఉండాలి.
• గ్రౌండ్‌లు కలవాలి.
• ఆన్‌లో ఉండగా ట్రాన్సిస్టర్ మీద మిగిలిన వోల్టేజి కొలిచి, అది పూర్తిగా ఆన్ అయిందని నిర్ధారించుకోండి.

స్వయంగా ఆలోచించండి

1. 12 వోల్టుల రిలే కాయిల్ నిరోధం 400 ఓమ్‌లు. బీసీ 547తో, 5 వోల్టుల పిన్‌తో నడపడానికి బేస్ రెసిస్టర్ ఎంత ఉండవచ్చు?

2. ఒక విద్యార్థి సర్క్యూట్‌లో ఫ్యాను నెమ్మదిగా తిరుగుతోంది, ట్రాన్సిస్టర్ చేతికి కాలుతోంది. కలెక్టర్, ఎమిటర్ మధ్య 3 వోల్టులు ఉన్నాయి. లోపం ఏమిటి?

3. 3.3 వోల్టుల బోర్డు, 5 వోల్టుల సెన్సర్, మధ్యలో ఒక్క బీసీ 557. సెన్సర్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది. ఎందుకు?

సమాధానాలు: (1) కాయిల్ కరెంటు 12 ÷ 400 = 30 మిల్లీ ఆంపియర్లు. 20తో భాగిస్తే 1.5 మిల్లీ ఆంపియర్లు. 4.2 వోల్టులను దానితో భాగిస్తే 2800 ఓమ్‌లు. బజారులో దొరికే 2200 ఓమ్‌లు పెట్టండి. 1000 ఓమ్‌లు పెట్టినా తప్పు లేదు. (2) ట్రాన్సిస్టర్ సంతృప్త స్థితికి చేరలేదు. బేస్ కరెంటు చాలడం లేదు, లేదా ఫ్యాను కరెంటు ఆ ట్రాన్సిస్టర్ హద్దు దాటింది. (3) పిన్ పైకి లేచినా ఎమిటర్‌కూ పిన్‌కూ మధ్య 1.7 వోల్టుల తేడా మిగులుతుంది. బేస్ కరెంటు పారడానికి 0.7 వోల్టు చాలు.